ఫ్రైబుర్గ్ థింక్‌ట్యాంకు నివేదికలను ఎంతవరకు నమ్మవచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎం.ఏ. ఆర్థికశాస్త్రం సెమినార్ కోసం ఐరోపా సమాఖ్య ఆర్థిక విధానాలపై పత్రం రాస్తున్నారు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ కేంద్రంగా పనిచేసే సెప్ (cep, ఐరోపా విధాన కేంద్రం) అనే థింక్‌ట్యాంకు, అంటే విధాన పరిశోధన సంస్థ, నివేదికలు మీ కంట పడ్డాయి. మీ మాస్టారేమో 'అవి స్వేచ్ఛా మార్కెట్ వాళ్ల రాతలు, పక్కన పెట్టు' అన్నారు. మీ స్నేహితుడేమో 'యూరో వల్ల ఇటలీలో మనిషికి 74 వేల యూరోలు నష్టమని వాళ్లే లెక్క తేల్చారు, ఇంతకన్నా ఆధారం ఏం కావాలి' అన్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరి మాటా వినకండి. ఐరోపాకు సరుకు పంపే మన కంపెనీల కోసం బ్రస్సెల్స్ నిబంధనలు, అంటే ఐరోపా సమాఖ్య అక్కడి నుంచి జారీచేసేవి, చదివి, వాటి సారాంశం రాసిపెట్టడం నా వృత్తి. సెప్ పత్రాలు తరచుగా తిరగేస్తుంటాను. వాళ్ల సిద్ధాంతంతో నాకు సగం పేచీ ఉంది. అయినా నా అనుభవంలో తేలింది ఒకటి: ఒక చట్టం ముసాయిదాను ముందు పెట్టుకుని, ఆర్టికల్ ఆర్టికల్‌గా చదివి వాళ్లు రాసే నాలుగైదు పేజీలు చాలా నమ్మదగ్గవి. పత్రికల్లో పతాక శీర్షికగా ఎక్కే ఏకైక అంకె ఉన్న అధ్యయనాలతోనే జాగ్రత్తగా ఉండాలి. మీ మాస్టారు మొదటి రకాన్ని చూడకుండానే కొట్టేశారు. మీ స్నేహితుడు రెండో రకాన్ని కళ్లు మూసుకుని నమ్మాడు.

ముందు వీళ్లు ఎవరో చూద్దాం. సెప్ 2006లో మొదలైంది. దాని వెనుక ఫ్రైబుర్గ్‌లోని ఒక ఫౌండేషన్ ఉంది. ఇప్పుడు బెర్లిన్, పారిస్, రోమ్‌లలోనూ శాఖలున్నాయి. ఊరు ఫ్రైబుర్గ్ కావడం యాదృచ్ఛికం కాదు. 1930లలో అక్కడి విశ్వవిద్యాలయంలో వాల్టర్ ఓయ్‌కెన్ అనే ఆర్థికవేత్త, ఫ్రాన్జ్ బోమ్, హాన్స్ గ్రోస్‌మన్-డోర్ట్ అనే ఇద్దరు న్యాయశాస్త్రజ్ఞులు కలిసి ఒక ఆలోచనాధారను రూపొందించారు. స్వేచ్ఛా మార్కెట్ అనగానే ప్రభుత్వం తప్పుకుంటే చాలు అన్నీ సర్దుకుంటాయనే వాదం మన మనసులో మెదులుతుంది. ఈ ముగ్గురూ అలా అనలేదు. అనకపోవడానికి కారణం జర్మనీ చరిత్రలోనే ఉంది. 1897లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం కార్టెల్ ఒప్పందాలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. అంటే పది కంపెనీలు కూడబలుక్కుని ధర నిర్ణయించుకుంటే, ఆ ఒప్పందాన్ని తప్పిన కంపెనీని మిగతావి కోర్టుకు లాగవచ్చు. ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మనీ కార్టెళ్ల పుట్టగా మారింది. ఒప్పంద స్వేచ్ఛే పోటీని చంపేసింది. ఆ పైన నాజీల పాలనలో ప్రభుత్వమూ, పెద్ద పరిశ్రమా ఎలా చేతులు కలిపాయో వాళ్లు కళ్లారా చూశారు.

అందుకే వాళ్ల దృష్టిలో ప్రైవేటు గుత్తాధిపత్యం ప్రభుత్వ నియంత్రణ అంత ప్రమాదకరమైనదే. ప్రభుత్వం బలంగా ఉండాలి, కానీ ఆ బలాన్ని నిబంధనలు పెట్టడానికీ, వాటిని అందరికీ ఒకేలా అమలు చేయడానికీ వాడాలి. ఏ ఫ్యాక్టరీ ఏం తయారుచేయాలో చెప్పడానికి కాదు. యుద్ధం తర్వాత ఈ ధోరణి పశ్చిమ జర్మనీ విధానంలోకీ, అక్కడి నుంచి ఐరోపా పోటీ చట్టంలోకీ పాకింది. 1958లో ఏర్పడిన తొలి ఐరోపా కమిషన్‌లో (చట్టాల ముసాయిదాలు రాసే కార్యనిర్వాహక సంస్థ ఇదే) పోటీ విభాగాన్ని చూసిన హాన్స్ ఫాన్ డెర్ గ్రోబెన్ ఈ ప్రభావంలో ఉన్న జర్మనే. 2018లో ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు ఐరోపా కమిషన్ 434 కోట్ల యూరోల జరిమానా వేసినప్పుడు, ప్రభుత్వం మార్కెట్ మీద దాడి చేసిందని అమెరికా వైపు నుంచి గగ్గోలు వినిపించింది. ఫ్రైబుర్గ్ సంప్రదాయం తెలిసినవారికి అది మార్కెట్‌ను కాపాడే పనిగానే కనిపిస్తుంది. కాబట్టి స్వేచ్ఛా మార్కెట్ వాళ్లందరినీ ఒకే గాట కట్టేయకండి. కోళ్ల పరిశ్రమలో డబ్బు సంపాదించిన ఆంటొనీ ఫిషర్ 1955లో లండన్‌లో స్థాపించిన ఐఈఏ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ అఫైర్స్) అనే స్వేచ్ఛా మార్కెట్ థింక్‌ట్యాంకు ధోరణి వేరు, వీళ్ల ధోరణి వేరు.

ఓయ్‌కెన్ సూత్రాల్లో సెప్ నివేదికలన్నిటి వెనుకా వినిపించేది ఒకటుంది: నిర్ణయం ఎవరిదో నష్టమూ వారిదే. బ్యాంకు లాభాలు వాటాదారులకు, నష్టాలు ప్రజలకు అంటే వీళ్లు ఒప్పుకోరు. ఒక దేశం అప్పు చేస్తే మరో దేశం తీర్చడమన్నా ఒప్పుకోరు. ఐరోపా ఒప్పందంలోని 125వ ఆర్టికల్ ఒక దేశం అప్పుల బాధ్యత మరో దేశం మీద పడదని చెబుతుంది. ఆ ఆర్టికల్ వీళ్లకు ప్రాణం. 2020లో కోవిడ్ తర్వాత సమాఖ్య తన పేరు మీద అప్పు తెచ్చి, 2018 ధరల ప్రకారం 75,000 కోట్ల యూరోల పునరుద్ధరణ నిధి పెట్టినప్పుడు ఈ ఆలోచనాధారకు చెందినవారు ఎందుకు అంత కంగారుపడ్డారో ఈ ఒక్క సూత్రంతో తెలుస్తుంది. అందులో 39,000 కోట్లు తిరిగి కట్టనక్కరలేని గ్రాంట్లు. ఖర్చుపెట్టే చేయి ఒకటి, కట్టే చేయి మరొకటి. మీరు ఈ వాదంతో ఏకీభవించకపోవచ్చు. కానీ ఈ సూత్రం తెలిస్తే, ఒక కొత్త ప్రతిపాదన మీద సెప్ ఏమంటుందో చదవకముందే సగం ఊహించగలరు. ఏ వైపు నుంచి మాట్లాడుతున్నారో దాచుకోకపోవడమే నాకు వీళ్లలో నచ్చిన గుణం. తటస్థులమని చెప్పుకునే సంస్థల్లో ఈ సౌలభ్యం దొరకదు.

ఇక అసలు పత్రం ఎలా ఉంటుందో చూడండి. వాళ్లు చాలాకాలం వాడిన నమూనాలో మొదటి పేజీ పైన ప్రతిపాదన పేరు, సంఖ్య, తేదీ ఉంటాయి. దాని కింద ఒక పెట్టె. లక్ష్యం ఏమిటి, ఎవరి మీద ప్రభావం పడుతుంది, అనుకూలాంశాలు ఏమిటి, ప్రతికూలాంశాలు ఏమిటి. తర్వాత ప్రతిపాదనలో ఏముందో ఆర్టికల్ నంబర్లతో పొడిపొడిగా చెబుతారు. ఈ భాగంలో అభిప్రాయం ఒక్క మాట కూడా దొర్లదు. నాకు అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే. కమిషన్ ముసాయిదాలు వంద పేజీలు దాటడం మామూలు. అందులో అసలు బాధ్యత ఎవరి నెత్తిన పడుతుందో వెతకడానికి ఒక పూట పడుతుంది. వీళ్ల రెండు పేజీలు చదివితే ఏ ఆర్టికల్ తెరవాలో తెలిసిపోతుంది.

ఆ తర్వాత వచ్చే చిన్న భాగం శీర్షిక చూస్తే కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు: రాజకీయ ప్రక్రియను ప్రభావితం చేసే అవకాశాలు. కమిషన్‌లో ఈ ముసాయిదాను రాసిన విభాగం ఏది, ఐరోపా పార్లమెంటులో ఏ కమిటీ చూస్తుంది, జర్మనీ పార్లమెంటులో ఏ కమిటీ పట్టించుకోవాలి, సభ్యదేశాల మండలిలో ఏ తరహా మెజారిటీ కావాలి. అంటే ఎవరి తలుపు తట్టాలో పట్టిక వేసి ఇచ్చేశారు. లాబీయింగ్ అంటే చాటుమాటు వ్యవహారమని మనకు అలవాటు. ఇక్కడ అది పబ్లిక్ పత్రంలో అచ్చై ఉంటుంది. చిన్న వ్యాపార సంఘానికి కూడా ఆ సమాచారం ఉచితంగా దొరుకుతుంది.

చివరి రెండు పేజీలు తీర్పు. ఆర్థిక కోణం ఒక పక్క, న్యాయ కోణం మరో పక్క. న్యాయ కోణంలో ముఖ్యంగా మూడు ప్రశ్నలు. ఈ విషయంలో చట్టం చేసే అధికారం సమాఖ్యకు ఉందా? ఉన్నా, ఈ పని సభ్యదేశాలు సొంతంగా చేసుకోలేవా? చేయక తప్పదనుకున్నా, సమస్యకు మించిన నిబంధన పెడుతున్నారా? మన విద్యార్థులు ఐరోపా విధానాలను కేవలం ఆర్థిక ప్రయోజనం కోణంలో చదువుతారు. అక్కడ సగం గొడవలు ఈ మూడు ప్రశ్నల మీదే జరుగుతాయని ఈ పత్రాలు చదివితేనే తెలిసివస్తుంది.

వీళ్ల ఆర్థిక తర్కం ఎలా నడుస్తుందో తెలియడానికి వాతావరణ విధానం మంచి ఉదాహరణ. స్వేచ్ఛా మార్కెట్ సంస్థ గనుక వాతావరణ చర్యలను వ్యతిరేకిస్తుందని అనుకుంటారు. కానీ సెప్ ఉద్గార హక్కుల వ్యాపారానికి గట్టి మద్దతుదారు. 2005లో మొదలైన ఆ పద్ధతిలో మొత్తం ఎంత కార్బన్ వదలవచ్చో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఆ హక్కులను కంపెనీలు కొనుక్కుంటాయి, అమ్ముకుంటాయి. ఎక్కడ తగ్గించడం చవకో అక్కడ ముందు తగ్గుతుంది. రవాణానూ, భవనాలనూ ఇదే పద్ధతిలోకి తేవాలన్నది వీళ్ల పాత కోరిక. అదే సమయంలో 2035 నుంచి కొత్త కార్ల కార్బన్ ఉద్గారాలను సున్నాకు తేవాలంటూ 2023లో చేసిన చట్టం వంటివి వీళ్లకు మింగుడుపడవు. మొత్తం ఉద్గారాలకు పరిమితి పెట్టాక ఏ ఇంజిన్ వాడాలో మీకెందుకు అన్నది వాదన. ఇందులో బలం ఉంది. కానీ ఒక చిక్కు కూడా ఉంది. పెట్రోలు ధర పెరిగినంత మాత్రాన అద్దె ఇంట్లో ఉండే మనిషి చార్జింగ్ సదుపాయం పెట్టించుకోలేడు. ధర ఒక్కటే అన్నీ చేయలేని చోట్ల వీళ్ల పత్రాలు కాస్త తొందరగా అధ్యాయం ముగించేస్తాయని నా ఫిర్యాదు.

ఇప్పుడు మీ స్నేహితుడి 74 వేల యూరోల సంగతి. 2019 ఫిబ్రవరిలో, యూరోకు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా సెప్ ఒక అధ్యయనం విడుదల చేసింది. 1999 నుంచి 2017 వరకు యూరో వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని ఎనిమిది దేశాలకు లెక్కగట్టారు. జర్మనీకి దాదాపు 1.9 లక్షల కోట్ల యూరోల లాభం, అంటే మనిషికి సుమారు 23 వేలు. నెదర్లాండ్స్‌లో మనిషికి సుమారు 21 వేల లాభం. ఫ్రాన్స్‌కు 3.6 లక్షల కోట్ల నష్టం, మనిషికి 56 వేలు. ఇటలీకి 4.3 లక్షల కోట్ల నష్టం, మనిషికి 74 వేలు. ఇటలీలో అప్పుడు యూరో మీద గుర్రుగా ఉన్న పార్టీలే అధికారంలో ఉన్నాయి. ఆ అంకె ఎలా ఊరేగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

పద్ధతి ఏమిటంటే, యూరో తీసుకోని కొన్ని దేశాలను తగిన పాళ్లలో కలిపి ఒక ఊహాజనిత ఇటలీని తయారుచేస్తారు. 1999కి ముందు ఆ మిశ్రమం తలసరి ఆదాయం అసలు ఇటలీతో పాటే నడిచేలా పాళ్లు సర్దుతారు. ఆ తర్వాత రెండు గీతలూ ఎంత విడిపోతే అంత యూరో ప్రభావమని తీర్మానిస్తారు. పద్ధతి దానికదే చెడ్డది కాదు, పరిశోధనల్లో గౌరవంగా వాడేదే. అయితే కలిపిన దేశాలు చూడండి. ఇటలీ కోసం ఆస్ట్రేలియా, ఇజ్రాయెల్, జపాన్, బ్రిటన్. జర్మనీ మిశ్రమంలో జపాన్, స్విట్జర్లాండ్, బ్రిటన్‌లతో పాటు బహ్రెయిన్ కూడా ఉంది. జర్మనీ ఫ్యాక్టరీల బాగోగులు తేల్చడానికి బహ్రెయిన్‌ను కొలబద్దగా పెట్టడం ఏమిటని విమర్శకులు ఎత్తిపొడిచారు. ఎత్తిపొడవాల్సిందే. ఆస్ట్రేలియా 2000 తర్వాత చైనాకు ఇనుప ఖనిజం, బొగ్గు అమ్మి వృద్ధి చెందింది. ఆ భాగ్యం ఇటలీకి పాత కరెన్సీ లిరా ఉన్నా దక్కేది కాదు.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి. 1999 తర్వాత జరిగినదంతా యూరో ఖాతాలో పడిపోయింది. జర్మనీ 2003 నుంచి 2005 మధ్య హార్ట్జ్ సంస్కరణలతో కార్మిక మార్కెట్‌ను మార్చింది. ఇటలీ ఉత్పాదకత యూరో రాకముందే, 1990ల మధ్య నుంచే మందగించింది. చైనా 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఇటలీలోని వస్త్ర, తోలు, ఫర్నిచర్ పరిశ్రమలకు దెబ్బ తగిలింది, జర్మనీ యంత్రాలకు కొత్త గిరాకీ దొరికింది. ఇవన్నీ ఒకే కాలంలో జరిగాయి. ఏది దేనివల్లో ఆ రెండు గీతల మధ్య దూరం చెప్పలేదు. గ్రీస్ ఫలితం చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. మొత్తం కాలానికి మనిషికి 190 యూరోల లాభం అని వచ్చింది. మొదటి దశాబ్దంలో అప్పుల మీద వచ్చిన పొంగు, తర్వాతి కుప్పకూలడం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే మిగిలిన అంకె అది. గ్రీసులో ఆ సంవత్సరాలు గడిపిన మనిషికి ఆ లెక్క చెప్పి చూడండి!

ఇందులో ఒక విచిత్రం గమనించారా? యూరో నుంచి బయటికి రమ్మని సెప్ ఇటలీకి చెప్పలేదు. పూర్వం లిరా విలువ తగ్గించుకుని పోటీలో నిలబడేవారు, ఇప్పుడా దారి లేదు గనుక సంస్కరణలు చేయండి అన్నది వాళ్ల మాట. అంకె మాత్రం యూరో వ్యతిరేకుల చేతికి చిక్కింది. ఒకసారి బయటికి వెళ్లిన అంకెను రాసినవాళ్లు కూడా వెనక్కి పిలవలేరు.

ఇదొక్కటే కాదు. 2007 జనవరిలో జర్మనీ మాజీ అధ్యక్షుడు రోమన్ హెర్జోగ్, అప్పటి సెప్ అధిపతి ల్యూడర్ గెర్కెన్ కలిసి ఒక పత్రికా వ్యాసం రాశారు. 1998 నుంచి 2004 వరకు జర్మనీలో అమల్లోకి వచ్చిన నిబంధనల్లో 84 శాతం బ్రస్సెల్స్ నుంచి వచ్చినవేనని, న్యాయశాఖ లెక్కల ఆధారంగా చెప్పారు. ఇక జర్మనీని పార్లమెంటరీ ప్రజాస్వామ్యం అనవచ్చా అని ప్రశ్నించారు. అంకె దేశదేశాలూ తిరిగింది. చిక్కల్లా లెక్కించిన తీరులో ఉంది. పండ్లు, కూరగాయల దిగుమతి విలువలు ప్రకటిస్తూ కమిషన్ అప్పట్లో దాదాపు రోజూ ఒక నిబంధన వెలువరించేది. టమాటా విలువ చెప్పే ఆ ఒక్క పేజీ కాగితానికీ, బ్యాంకులను నియంత్రించే చట్టానికీ లెక్కలో ఒకే విలువ. తర్వాత వేరే పరిశోధకులు పార్లమెంటు చేసిన చట్టాలను మాత్రమే తీసుకుని చూస్తే వాటా చాలా తక్కువగా తేలింది. వ్యాసంలోని అసలు ఆందోళన, అంటే బ్రస్సెల్స్‌లో సభ్యదేశాల మంత్రుల మండలి చేసే చట్టాల మీద దేశ పార్లమెంటుకు పట్టు లేదన్నది, పూర్తిగా న్యాయమైనదే. ఆ వాదనకు 84 అవసరమే లేదు.

డబ్బు గురించి కూడా మీ మాస్టారు అనుమానం వ్యక్తం చేశారని రాశారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అందరినీ అడగండి. బ్రస్సెల్స్‌లో మధ్యేమార్గంగా పేరున్న బ్రూగెల్ అనే థింక్‌ట్యాంకు సభ్యుల్లో ప్రభుత్వాలున్నాయి, కేంద్ర బ్యాంకులున్నాయి, పెద్ద కంపెనీలూ ఉన్నాయి. అది ఆ జాబితా బయట పెడుతుంది. లండన్ ఐఈఏ దాతల పూర్తి జాబితా ప్రకటించదు. పోషకుడు లేని థింక్‌ట్యాంకు ఎక్కడా ఉండదు గనుక, ఎవరిస్తున్నారో చెబుతున్నారా లేదా అన్నది చూడాలి. లాబీయింగ్ చేసే సంస్థల వివరాలుండే సమాఖ్య పారదర్శకత రిజిస్టరులో సంస్థ పేరు కొట్టి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

నన్నడిగితే ఫ్రైబుర్గ్ ఆలోచనలోని అసలు బలహీనత డబ్బు దగ్గర లేదు. నిబంధన సరిగ్గా ఉంటే చాలు, వ్యవస్థ నిలబడుతుందన్న విశ్వాసం దగ్గర ఉంది. ద్రవ్యలోటు జీడీపీలో 3 శాతం దాటకూడదన్న నియమానికి కట్టుబడాలని అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది జర్మనీ. 2003 నవంబరులో ఆ గీత దాటినందుకు చర్యలు ఎదుర్కోవాల్సి వచ్చినప్పుడు, ఫ్రాన్స్‌తో కలిసి ఆ ప్రక్రియనే ఆపించింది కూడా జర్మనీయే. బలవంతుడి మీద నిబంధన ఎవరు అమలు చేస్తారు? ఓయ్‌కెన్ వారసుల దగ్గర దీనికి సంతృప్తికరమైన జవాబు నాకు దొరకలేదు.

2012 వేసవి మరో పరీక్ష. స్పెయిన్ ప్రభుత్వం అప్పు కోసం అమ్మే పదేళ్ల బాండ్లపై వడ్డీ 7 శాతం దాటింది. జులై 26న లండన్‌లో ఐరోపా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు మారియో ద్రాగి, యూరోను కాపాడటానికి తమ అధికార పరిధిలో ఏమైనా చేస్తామని ప్రకటించారు. ఆ తర్వాత బాండ్ల కొనుగోలు పథకం ప్రకటించారు. నష్టభయం పోతే ప్రభుత్వాలు క్రమశిక్షణ మరిచిపోతాయని జర్మనీలో ఈ ధోరణి ఉన్నవారు మండిపడ్డారు, వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ పథకం కింద ఒక్క బాండు కూడా కొనలేదు. మాటతోనే వడ్డీలు దిగివచ్చాయి. సూత్రం ప్రకారం జర్మన్ల అభ్యంతరంలో తప్పు లేదు. కానీ ఆ రోజు సూత్రానికి కట్టుబడి కూర్చుంటే యూరో మిగిలేదా అన్నది వేరే సంగతి. సెప్ పత్రాలు సంక్షోభ సమయాల్లో నాకు తక్కువగా, మామూలు రోజుల్లో ఎక్కువగా ఉపయోగపడటానికి ఇదే కారణం.

మీ సెమినార్‌కు నా సలహా: యూరో లాంటి మహా విషయం వదిలేసి ఒకే చట్టం తీసుకోండి. కార్బన్ సరిహద్దు సుంకం తీసుకుంటే బాగుంటుంది. ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటివి ఐరోపాలోకి రావాలంటే వాటి తయారీలో వెలువడిన కార్బన్‌కు వెల చెల్లించాలి. 2023 అక్టోబరు నుంచి వివరాలు ఇస్తే సరిపోయేది, 2026 జనవరి నుంచి అసలు దశ మొదలైంది. మన ఉక్కు ఎగుమతిదారులకు ఇది రోజువారీ తలనొప్పి. ఎగుమతి చేసే దేశంలోనే కార్బన్‌కు ధర చెల్లించి ఉంటే ఆ మేరకు మినహాయింపు ఉంది గనుక, మన దేశ కార్బన్ మార్కెట్ చర్చకూ దీనికీ నేరుగా లంకె. స్వేచ్ఛా మార్కెట్ వాదుల మధ్యే దీనిమీద రెండు పాయలున్నాయి. లోపల తయారైన సరుకు కార్బన్‌కు ధర కడుతున్నప్పుడు బయటి సరుకూ కట్టడం న్యాయమైన పోటీ అని ఒకరు, పర్యావరణం పేరుతో సుంకాల గోడ కడుతున్నారని మరొకరు. ఒకే మూలసూత్రం నుంచి రెండు వ్యతిరేక ముగింపులు ఎలా వస్తాయో చూపిస్తే మీ పత్రానికి మంచి పట్టు దొరుకుతుంది.

అరకు మీద ఆసక్తి ఉంటే అటవీ నిర్మూలన నిబంధన తీసుకోవచ్చు. ఐరోపాకు వెళ్లే కాఫీ ఏ కమతంలో పండిందో భౌగోళిక నిర్దేశాంకాలతో చూపాలంటుంది అది. అమలు తేదీ ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. సమస్యకు మించిన నిబంధన పెట్టారా అన్న సెప్ ప్రశ్నను, ఎకరం రెండెకరాల గిరిజన రైతు వైపు నుంచి అడిగి చూడండి.

ఏది తీసుకున్నా కమిషన్ స్వయంగా రాసిన ప్రభావ అంచనా సారాంశం, సెప్ పత్రం, బ్రూగెల్ పత్రం పక్కపక్కన పెట్టుకోండి. ఒకటి లెక్కలోకి తీసుకున్న ఖర్చును మరొకటి ఎక్కడ వదిలేసిందో వెతకండి. ఒక్క జాగ్రత్త. సెప్ పత్రాల్లో చాలావరకు ముసాయిదా మీద రాసినవి, తుది చట్టం మీద కాదు. కార్బన్ సుంకం ముసాయిదా 2021 జులైలో వచ్చింది, అందులో హైడ్రోజన్ లేదు. 2023 నాటి చట్టంలో చేరింది. ఏడాదికి 50 టన్నుల లోపు తెచ్చే చిన్న దిగుమతిదారులకు మినహాయింపు 2025 సవరణతో వచ్చింది. అందుకని పత్రం మీది తేదీ చూసి, ఆర్టికల్ నంబర్లను ఇప్పుడు అమల్లో ఉన్న చట్టపాఠంతో సరిచూసుకున్నాకే మీ పత్రంలో ఉటంకించండి.